వృద్ధాశ్రమంలో ఉన్న పెద్దావిడ బయటికి రావాలంటే కొడుకు సంతకం కావాలా?

కావలి_రైలుకట్ట అడిగినది:

అందరికీ నమస్కారం. మా వీధి పెద్దావిడ తరఫున, ఆమె అనుమతితోనే అడుగుతున్నాను. వయసు 76, భర్త లేరు. కొడుకు హైదరాబాదులో, కూతురు చీరాలలో ఉంటారు. ఆమె రెండేళ్లుగా నెల్లూరు ఊరి చివర డబ్బు కట్టే ప్రైవేటు వృద్ధాశ్రమంలో ఉన్నారు. చేరేటప్పుడు డిపాజిట్ 1,50,000 కట్టారు. నెలకు 14,000 కొడుకు పంపేవాడు, మూడు నెలలుగా ఆపేశాడు. కావలిలో ఇల్లు 2017లో కొడుక్కి గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాసి రిజిస్టర్ చేశారు.

ఇప్పుడు ఆశ్రమం వాళ్లు నాలుగు మాటలు చెబుతున్నారు. చేర్పించిన గార్డియన్ కొడుకు గనుక ఆయన ఉత్తరం లేకుండా గేటు దాటనివ్వరట. ఆధార్, ఏటీఎం కార్డు, బ్యాంకు పుస్తకం ఆఫీసు బీరువాలోనే ఉంటాయట. వెళ్లిపోతే డిపాజిట్ రాదట. బాకీ తీరేదాకా సామాను కూడా ఇవ్వరట. "నేను యాడికి పోవాలన్నా వాడి సంతకం కావాల్నా?" అని ఆవిడ అడుగుతుంటే నా దగ్గర సమాధానం లేదు. మనిషి చురుకుగానే ఉన్నారు, అప్పుడప్పుడూ పేర్లు మరిచిపోతారంతే.

ఎవరి దగ్గరికి, ఏ కాగితాలతో, ఏ వరసలో వెళ్లాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నా_ఒడ్డు జవాబు:

ముందు గార్డియన్ అన్న మాట సంగతి తేల్చుకోండి. ఆశ్రమం దరఖాస్తు ఫారంలో గార్డియన్ అని ఒక గడి ఉంటుంది. అది అవసరానికి ఫోన్ చేయడానికి ఒక పేరు, అంతకు మించి ఏమీ కాదు. 18 ఏళ్లు దాటి స్వస్థబుద్ధితో ఉన్న మనిషికి చట్టంలో గార్డియన్ ఉండరు. కోర్టు నియమిస్తే తప్ప ఆ హోదా ఎవరికీ రాదు. డబ్బు కట్టేది కొడుకైనా ఆమె మీద అధికారం అతనికి రాదు. గేటు దాటడానికి ఆవిడ సంతకం ఒక్కటే చాలు.

వద్దన్నా ఆపి తాళం వేస్తే అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 127 కింద అక్రమ నిర్బంధం. శిక్ష ఏడాది వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా లేదా రెండూ. నిర్బంధం మూడు రోజులు లేదా అంతకు మించితే శిక్ష పెరుగుతుంది, పది రోజులు లేదా అంతకు మించితే ఇంకా పెరుగుతుంది. ఈ మాట మేనేజరుతో మర్యాదగా, కాగితం మీద చెప్పండి. చాలామందికి ఇది నేరమని తెలియక రూలు అనుకుని చేస్తుంటారు.

అయితే కోపంలో ఒక సాయంత్రం సంచీ పట్టుకుని బయటికి రావడం మాత్రం వద్దు. అలా వస్తే ఆశ్రమం వాళ్లు కొడుక్కి ఫోన్ చేస్తారు, కొడుకు మనిషి కనబడలేదని స్టేషన్లో ఫిర్యాదు పెడతాడు, పోలీసులు తీసుకొచ్చి మళ్లీ అక్కడే దించుతారు. ఆ తర్వాత ఆమె నోట వచ్చే ప్రతి మాటకీ మతి సరిగా లేదని ముద్ర పడుతుంది. అందుకని ముందు ఎక్కడికి వెళ్లేదీ ఖాయం చేసుకోండి. కూతురి ఇల్లా, ఇంకో ఆశ్రమమా, అద్దె గదా అన్నది తేలాలి. తర్వాత ఆమె చేత్తోనే ఒక ఉత్తరం రాయించండి. ఫలానా తేదీన నా ఇష్టప్రకారం వెళుతున్నాను, వెళ్లే చోటు ఇది, నా వస్తువులు, కార్డులు, మందుల చీటీలు, ఆసుపత్రి ఫైలు ఇప్పించగలరు అని. ఒక ప్రతి ఆశ్రమానికి ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. వేయకపోతే స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచండి. (రిజిస్టర్ పోస్టు 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది.) ఇంకో ప్రతి ఆశ్రమం ఏ పోలీసు స్టేషన్ కిందికి వస్తుందో అక్కడి ఎస్‌హెచ్‌ఓకి (స్టేషన్ బాధ్యత చూసే అధికారికి) ఇవ్వండి. అది చేతిలో ఉంటే మిస్సింగ్ కేసు నిలబడదు.

వెళ్లే రోజున కనీసం 15 రోజుల మందులు చేతిలో ఉండాలి. బీపీ, షుగరు మాత్రలు ఆశ్రమం నర్సు దగ్గరే ఉండిపోయి, మూడో రోజుకి మనిషి పడిపోయే పరిస్థితి తెచ్చుకోవద్దు.

బాకీ కోసం సామాను పట్టుకునే హక్కు ఆశ్రమానికి లేదు. బాకీ ఉంటే అడగాల్సిన దారి నోటీసు, ఆ తర్వాత కోర్టు. ఆవిడ కళ్లజోడు, వినికిడి మిషను, ఆధార్ కార్డు తాకట్టు వస్తువులు కావు.

సింహపురి_సేవ జవాబు:

బ్యాంకు పని రేపే మొదలుపెట్టండి, మిగతావాటికి ఒకటి రెండు రోజులు ఆగినా పరవాలేదు. ఏటీఎం కార్డు వేరేవాళ్ల బీరువాలో ఉండి, పిన్ కూడా వాళ్లకు తెలిసి ఉంటే, ఆ ఖాతా ఆవిడది కానట్టే.

కార్డు వెనక ఉన్న నంబరుకి ఆవిడ చేతే ఫోన్ చేయించి కార్డు బ్లాక్ చేయించండి. తర్వాత బ్రాంచిలో ఖాతాకి ఏ మొబైల్ నంబరు ముడిపడి ఉందో చూడండి. చాలా సందర్భాల్లో అది కొడుకుదో, ఆశ్రమం మేనేజరుదో అయి ఉంటుంది. ఓటీపీ వాళ్లకే పోతుంది గనుక కొత్త కార్డు తీసుకున్నా ప్రయోజనం ఉండదు. ముందు నంబరు మార్పు, తర్వాత కొత్త కార్డు, తర్వాత పుస్తకంలో ఎంట్రీలు. గత రెండేళ్ల స్టేట్‌మెంట్ తీసుకుని ఆమె ఎరగని విత్‌డ్రాయల్స్‌కి గీత పెట్టండి. 70 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే సేవలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. నడవలేకపోతే బ్రాంచి మేనేజరుని ఆ మాట మీదే అడగండి. వేళ్లు వణికి సంతకం కలవకపోతే వేలిముద్రతో కూడా డబ్బు తీయొచ్చు. బ్యాంకుకి తెలిసిన ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారే అయి ఉండాలి.

ఎన్‌టీఆర్ భరోసా పింఛన్ వస్తోందా? 4,000 కావలి సచివాలయం పరిధిలో ఇస్తుంటే, ఉన్న చోటికి బదిలీ చేయమని సచివాలయంలో అర్జీ పెట్టాలి. బదిలీ కాకపోతే ప్రతి ఒకటో తేదీ ఆమె కావలిలో లేరని రాసుకుంటారు.

మతిమరుపు సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి. పేర్లు మరిచిపోవడం వల్ల సంతకం చేసే హక్కు పోదు. కానీ అవతలివాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో చూపించి, తన వ్యవహారాలు తాను అర్థం చేసుకుని నిర్ణయించుకోగల స్థితిలో ఉన్నారని సర్టిఫికెట్ తీసుకోండి. పైన చెప్పిన ఉత్తరం రాసే తేదీకి దగ్గరగా ఉంటే దానికి బలం ఎక్కువ. ఆరు నెలల తర్వాత తెచ్చిన సర్టిఫికెట్ ఆ రోజు సంగతి చెప్పలేదు.

వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. గేటు దగ్గర గొడవైతే మాత్రం 112.

అర్జీ_రాయసం జవాబు:

కొడుకు డబ్బు ఆపిన విషయం ఆశ్రమం గొడవతో కలపకండి. రెండింటికీ దారులు వేరు, అధికారులూ వేరు. ఒకే అర్జీలో రెండూ రాసి ఆర్డీఓ ఆఫీసులో ఇస్తే, ఆశ్రమం భాగం మా పరిధి కాదని మొత్తం కాగితమే పక్కన పడుతుంది.

కొడుకు మీద అర్జీ తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 కింద. ఈ అర్జీలు విని తేల్చేది ట్రిబ్యునల్. దాని అధ్యక్షుడు రెవెన్యూ డివిజన్ స్థాయి అధికారి, మన దగ్గర ఆర్డీఓ లేదా సబ్ కలెక్టర్. ఏ డివిజన్లో వేయాలన్నది సెక్షన్ 6లో ఉంది. ఆమె ఇప్పుడు ఉన్న జిల్లా, ఇంతకుముందు ఉన్న జిల్లా, పిల్లలు ఉన్న జిల్లా, వీటిలో ఏదైనా సరే. ఆవిడకు హైదరాబాదు తిరిగే పని లేదు, నెల్లూరులోనో కావలిలోనో వేసుకోవచ్చు. (కందుకూరు, గూడూరు వైపువాళ్లు చదువుతుంటే ఒక మాట. జిల్లా హద్దులు మారాయి గనుక మీ మండలం ఇప్పుడు ఏ డివిజన్లో ఉందో తహసీల్దారు ఆఫీసులో అడిగి వేయండి.)

అర్జీలో రాయాల్సినవి: ఆమె వయసు, వయసుకి ఆధారం, ఇప్పటి చిరునామా, పాత చిరునామా. తర్వాత పిల్లలిద్దరి పేర్లు, ఇంటి చిరునామా, ఆఫీసు చిరునామా, ఫోన్లు. కూతురు మంచిగా చూస్తోందని ఆమె పేరు వదిలేస్తారు, అక్కడే కాలం పోతుంది. కొడుకు వచ్చి మా చెల్లెల్ని కూడా చేర్చండి అని అడగడానికి సెక్షన్ 5 వీలిస్తుంది. అప్పుడు ఆమెకి మళ్లీ నోటీసు, మళ్లీ వాయిదా. పిల్లలంటే కొడుకు, కూతురు, మేజరైన మనవలు, మనవరాళ్లు. కోడలు, అల్లుడు ఆ నిర్వచనంలో లేరు, వాళ్ల పేర్లు పెట్టకండి.

నెల ఖర్చు అంకెల్లో రాయండి. ఆశ్రమం ఫీజు 14,000, మందులు ఎంత, డాక్టరు ఎంత, డైపర్లు వాడితే ఎంత, పక్కన రసీదు నంబరు. ఆమె ఆదాయం దాచొద్దు. పింఛన్, ఎఫ్‌డీ వడ్డీ కూడా రాయాలి. ఎదుటివాళ్లు దాన్ని బయటపెడితే మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది.

నోటీసు అందిన తేదీ నుంచి 90 రోజుల్లో తేల్చాలి, ప్రత్యేక కారణం రాసి ఇంకో 30 రోజులు పొడిగించవచ్చు. గమనించండి, లెక్క అర్జీ ఇచ్చిన రోజు నుంచి కాదు, నోటీసు అందిన రోజు నుంచి. కొడుకు పాత చిరునామా రాస్తే కవరు తిరిగి వస్తుంది, 90 రోజులు మొదలే కావు. ఈలోగా మధ్యంతర భృతి (ఆర్డరు వచ్చేదాకా నెలనెలా పోషణ డబ్బు) ఇప్పించమని అదే అర్జీలో ఒక పేరా రాయండి. అడగందే చాలా చోట్ల ఇవ్వరు.

ట్రిబ్యునల్ గరిష్ఠంగా నెలకు 10,000 ఇప్పించగలదు. 14,000 ఫీజుకి అది చాలదు. అంతకు మించి కావాలంటే మేజిస్ట్రేటు కోర్టులో భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 144 కింద వేయాలి, అక్కడ పరిమితి లేదు, కానీ సమయం పడుతుంది. రెండు చోట్లా ఒకేసారి వేయకూడదు, ఏదో ఒకటే ఎంచుకోవాలి. నా అభిప్రాయంలో ఈ వయసులో ఆర్డీఓ దారే మేలు.

ఆర్డరు వచ్చాక 30 రోజుల్లో డబ్బు జమ కావాలి. కాకపోతే అమలు కోసం మళ్లీ అదే ట్రిబ్యునల్లో అడగాలి. వారెంటు వస్తుంది, అప్పటికీ కట్టకపోతే నెల వరకు జైలు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే: బాకీ పడిన తేదీ నుంచి మూడు నెలల్లోపు అమలు అర్జీ వేయకపోతే ఆ నెల బాకీకి వారెంటు రాదు. ఇస్తాడులే అని ఆరు నెలలు చూస్తే మొదటి మూడు నెలలవి చేయి జారినట్టే. గోడ క్యాలెండరు మీద తేదీలు రాసి పెట్టండి.

ఆమె రాలేకపోతే ఆమె అధికారమిచ్చిన మనిషి లేదా సంస్థ అర్జీ వేయవచ్చు. అధికారపత్రం తెల్ల కాగితం మీద రాసి జతపరచండి.

ఇక కావలి ఇల్లు సులువు. ఇదే 2007 చట్టం సెక్షన్ 23 కింద గిఫ్ట్ డీడ్ ఆర్డీఓనే రద్దు చేస్తారు, దాన్ని కూడా ఆ అర్జీలోనే అడిగేయండి.

ఒంగోలు_వకాల్తా జవాబు:

రాయసం గారూ, భృతి గురించి రాసినదంతా సరిగ్గా ఉంది. చివరి పేరాతో మాత్రం ఏకీభవించలేను, ఆశపెట్టి నిరాశపరచినట్టవుతుంది.

సెక్షన్ 23(1) గిఫ్టులన్నిటికీ వర్తించదు. చట్టం వచ్చాక రాసిన గిఫ్ట్ కావాలి. తీసుకున్నవాడు కనీస వసతులు, అవసరాలు చూడాలన్న షరతు మీద రాసినదై ఉండాలి. ఆ తర్వాత అతను చూడకపోవాలి. అప్పుడే అది మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్నదిగా పరిగణించి, రాసినవారు కోరితే ట్రిబ్యునల్ రద్దు చేస్తుంది. సుదేష్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది ఇదే: షరతు ఉందని చెప్పకుండా, చూపకుండా 23 కింద రద్దు కుదరదు.

మన వైపు దస్తావేజుల్లో సాధారణంగా "మీ మీద నాకున్న ప్రేమాభిమానముల చేత" అని ఒక వాక్యం ఉంటుంది, పోషణ ఊసు ఉండదు. ఒక్క ప్రేమాభిమానాల వాక్యమే ఉంటే కష్టం. కావలి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ముందు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి, ఇల్లు ఇప్పటికీ కొడుకు పేరునే ఉందా, అమ్మేశాడా, తనఖా పెట్టాడా తెలుస్తుంది. తర్వాత దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసి పూర్తిగా చదవండి. పోషణ, చూసుకోవడం, జీవితాంతం నివాసం, ఇలాంటి మాట ఎక్కడున్నా దాని కింద గీత గీయండి.

అదే రోజుల్లో విడిగా రాసుకున్న కాగితం ఏదైనా ఉందా అని కూడా ఆవిడను అడగండి. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో తీర్పు వచ్చింది. అక్కడ గిఫ్ట్ డీడ్‌తో పాటు కొడుకు విడిగా ఒక హామీపత్రం రాసిచ్చాడు. ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం, ఉదారంగా చదవాలి అని సుప్రీంకోర్టు ఆ గిఫ్టును రద్దు చేసి స్వాధీనం తిరిగి ఇప్పించింది. ట్రిబ్యునల్ ఖాళీ చేయించి స్వాధీనం ఇప్పించగలదనీ అందులోనే చెప్పింది.

కావలి_రైలుకట్ట:

అందరికీ కృతజ్ఞతలు. ఆవిడ దగ్గర దస్తావేజు జిరాక్సు ఉంది, చూశాను. మీరన్నట్టే ప్రేమాభిమానముల వాక్యమే. కానీ దాంతోపాటు అదే తేదీతో 100 రూపాయల స్టాంపు కాగితం ఒకటి ఉంది. "అమ్మను జీవితాంతం నా దగ్గర ఉంచుకుని అన్నవస్త్రాలు, వైద్యం చూస్తాను" అని కొడుకు సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయి. రిజిస్టర్ కాలేదు. ఇది పనికొస్తుందా? డిపాజిట్ సంగతి కూడా దయచేసి చెప్పండి, ఒప్పందం మీద సంతకం చేసింది కొడుకే.

ఒంగోలు_వకాల్తా:

ఆ కాగితమే మీ కేసు. అసలు కాగితాన్ని ఎవరికీ ఇవ్వకండి, ఆర్డీఓ ఆఫీసుకి కూడా నకలే ఇచ్చి విచారణలో అసలు చూపించండి. లామినేషన్ చేయించొద్దు. సాక్షులిద్దరూ బతికి ఉన్నారా కనుక్కోండి, ఉంటే వాళ్ల చేత వాంగ్మూలం ఇప్పించడానికి సిద్ధం చేసుకోండి. అర్జీలో స్పష్టంగా రాయాలి: ఈ హామీ మీదనే ఇల్లు రాశాను, ఫలానా నెల నుంచి పోషణ ఆపాడు, దస్తావేజు రద్దు చేసి స్వాధీనం ఇప్పించండి అని. స్వాధీనం అడగకుండా రద్దు ఒక్కటే అడిగితే కాగితం చేతికొచ్చి తాళంచెవి రాదు. భృతి, రద్దు రెండూ ఒకే ట్రిబ్యునల్ ముందు అడగవచ్చు, అందులో రాయసం గారి మాట సరైనదే. ఆర్డరు వ్యతిరేకంగా వస్తే 60 రోజుల్లో కలెక్టరు దగ్గర అప్పీలు.

అదే 2007 చట్టం సెక్షన్ 17 ప్రకారం ట్రిబ్యునల్లో లాయరు వాదించే వీలు పెట్టలేదు. కానీ అర్జీ తయారీకి సాయం తీసుకోవచ్చు. మహిళ గనుక ఆదాయంతో పని లేకుండా ఆవిడకు ఉచిత న్యాయ సాయం హక్కుగా వస్తుంది. నెల్లూరు జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

డిపాజిట్ విషయం. ఒప్పందం మీద సంతకం, చెల్లింపు కొడుకువైనా సేవ పొందినది ఆవిడ. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో డబ్బు కట్టినవారి సమ్మతితో సేవ పొందిన లబ్ధిదారు కూడా వినియోగదారే. కాబట్టి నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్లో ఆవిడ ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు గనుక ఫీజు లేదు. గడువు రెండేళ్లు, వివాదం పుట్టిన తేదీ నుంచి. అయితే తిరిగొచ్చే డిపాజిట్ ఎవరి చేతికి ఇవ్వాలన్న ప్రశ్న అక్కడ వస్తుంది. డబ్బు కొడుకు ఖాతా నుంచి వెళ్లి ఉంటే అతనికే ఇమ్మనే అవకాశం ఉంది. ఆమె సొంత డబ్బు అయితే ఆ బ్యాంకు ఎంట్రీ వెతికి పెట్టుకోండి, అదే తేడా తెస్తుంది.

ఒప్పందంలో చూడాల్సిన వాక్యాలు: ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఏ ఏ కోతలు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు. నెల నోటీసు ఉంటే ఆ నెల ఫీజు కోయవచ్చు. మూడు నెలల బాకీ 42,000 కూడా లెక్కలో తీసేస్తారు, దాన్ని కాదనకండి. మిగిలినదాన్ని మొత్తం మింగేస్తామంటే అది ఏకపక్ష షరతు. మా ఒప్పందంలో ఉంది అన్నంత మాత్రాన కమిషన్ ఒప్పుకోవాలని లేదు. ముందు 15 రోజుల గడువుతో నోటీసు పంపండి, అప్పుడే సగం తగాదాలు తీరతాయి.

పెన్నా_ఒడ్డు:

ఆశ్రమం మీద పాలనాపరమైన ఫిర్యాదు కూడా ఒకటి వేయండి. సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కలెక్టరు పేరున ఇవ్వాలి. 2007 వయోవృద్ధుల చట్టం అమలు బాధ్యత జిల్లా స్థాయిలో ఆయనదే. అర్జీ విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల దగ్గరికి వస్తుంది. నంబరున్న రసీదు తీసుకోండి, ఆ నంబరు లేకుండా తర్వాత అడిగితే కాగితం దొరకదు.

అందులో ఆరోపణలు తగ్గించి వివరాలు పెంచండి. బాగా చూడటం లేదు అని రాస్తే వచ్చినవాళ్లు శుభ్రంగా ఊడ్చిన హాలు చూసి పోతారు. ఫలానా గదిలో ఎన్ని మంచాలు, రాత్రి గేటుకి తాళం ఎవరి దగ్గర, డాక్టరు ఆఖరిసారి ఏ తేదీన వచ్చాడు, కార్డులు ఎంతమందివి బీరువాలో ఉన్నాయి, ఇలా రాయండి. పోలిక కావాలంటే ప్రభుత్వ వృద్ధాశ్రమాల కోసం కేంద్రం పంపిన నమూనా నియమాల్లో పడకగదిలో మనిషికి 7.5 చదరపు మీటర్ల చోటు అన్నారు. ప్రైవేటు ఆశ్రమానికి అది నేరుగా కట్టుబాటు కాదు, తనిఖీకి వచ్చినవాళ్లకు కొలబద్ద అవుతుంది. అక్కడ సెలైన్లు పెట్టి మంచాల మీద వైద్యం చేస్తున్నట్టయితే అది వేరే విషయం, ప్రైవేటు వైద్యశాలల చట్టం 2002 కింద రిజిస్ట్రేషన్ ఉందా అని జిల్లా వైద్య ఆరోగ్యాధికారి ఆఫీసులో అడగండి.

సింహపురి_సేవ:

ఒకటి మరిచాను. వెళ్లే ముందు ఆశ్రమం వాళ్లు నో డ్యూస్ (బాకీలేమీ లేవు) అని ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. దాని కింద చిన్న అక్షరాల్లో నాకు రావాల్సినవన్నీ ముట్టినవి అని ఉంటుంది. ఆవిడ దాని మీద సంతకం పెడితే డిపాజిట్ కేసు అక్కడితో ఆగిపోతుంది. పెట్టక తప్పకపోతే, సంతకం పక్కనే తన చేత్తో "డిపాజిట్ 1,50,000 ఇంకా అందలేదు" అని రాసి తేదీ వేయమనండి, ఫోటో తీసుకోండి.

కావలి_రైలుకట్ట:

రేపు పొద్దున బ్యాంకుకి, మధ్యాహ్నం పెద్దాసుపత్రికి. కూతురితో మాట్లాడాం, చీరాల వచ్చేయమంది. ఉత్తరం ఆవిడే రాస్తున్నారు, రెండు కాపీలు అయ్యాయి.